బైనా తీరం ఎవరి కుటుంబాలకు?

గోవా రాష్ట్రంలో వాస్కోడిగామా అనే రేవు పట్నం ఉంది. దాన్ని ఆనుకునే బైనా బీచి. ఇవాళ సాయంత్రం పూట అక్కడికి పిల్లాపాపలతో కుటుంబాలు వస్తాయి. నీటి మీద ఆటలున్నాయి. పక్కనే రవీంద్ర భవన్‌లో నాటకాలూ సభలూ జరుగుతాయి. తీరం వెంబడి స్తంభాల మీద పెద్ద రోడ్డు లేచింది. చూసినవాళ్లు బాగుందనే అంటారు. బాగుండటం మీద మాకూ పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఇంతకు ముందు అక్కడ ఉన్నవాళ్లు ఏమయ్యారు అనే దగ్గర. 2004 దాకా బైనా అంటే దేశమంతా తెలిసిన రెడ్‌లైట్ ఏరియా. మార్ముగోవా రేవుకొచ్చే ఓడల మీది మనుషులు, ఇనుప ఖనిజం తోలే లారీల డ్రైవర్లు, సెలవుకొచ్చిన టూరిస్టులు చీకటి పడితే అక్కడికి చేరేవాళ్లు. బార్లు, ఇరుకు సందులు, రేకుల గదులు. ఆ గదుల్లో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది ఎక్కడివాళ్లు? ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రాల వాళ్లు. కొంకణి తీరాన ఆ సందుల్లో తెలుగూ కన్నడమూ వినపడేవి. చాలామంది విషయంలో అడుగుజాడ పట్టుకుని వెనక్కి పోతే చివరికి మాదిగవాడలోనో మాలపల్లెలోనో తేలుతుంది. అందుకే గోవా సంగతి మన పత్రికలో సంపాదకీయం అయింది.

2003లో బొంబాయి హైకోర్టు గోవా బెంచి బైనాలో ఆ వ్యాపారం ఆగాలనీ, ఆ ఆడవాళ్లకు పునరావాసం చూపాలనీ ఆదేశించింది. ఆదేశంలో రెండు ముక్కలున్నాయి. సర్కారు చేతికి ముందు ఏ ముక్క తగిలిందో వేరే చెప్పాలా? 2004 జూన్ 14న పోలీసు బందోబస్తుతో బుల్డోజర్లు వచ్చాయి. వందల గదులు నేలమట్టం చేశాయి. పడమటి తీరంలో జూన్ నెల అంటే కుండపోత వానలు. ఆ వానలో తట్టాబుట్టా, స్టవ్వూ గిన్నెలూ, పిల్లల పుస్తకాలూ రోడ్డు మీద పడ్డాయి. ఎందుకంటే పని చేసే గదే వండుకునే గది, పిల్లలు పడుకునే గది కూడా. పునరావాసం అని సర్కారు పిలిచినప్పుడు చాలామంది ఎందుకు పోలేదని కొందరు పెద్దమనుషులు అడిగారు. హోము అంటే తాళం వేసిన గది అని వాళ్లకు తెలుసు కనుక పోలేదు. తాళం బయట ఉంటుందో లోపల ఉంటుందో పెద్దమనుషులకు తెలియదు. ఆ తరువాతి ఏళ్లలో తీరాన మిగిలిన ఇళ్లను కూడా విడతలు విడతలుగా తీసేశారు. అప్పుడు రేవు కూలీలూ చిల్లర వ్యాపారులూ కూడా పోయారు.

ఇప్పుడు 'ఫ్యామిలీ బీచి' అనే మాట సంగతి చూద్దాం. ఏ రాష్ట్రంలో ఏ టూరిజం మంత్రి నోరు తెరిచినా ఈ మాట వస్తుంది. కుటుంబంతో సహా వచ్చి చూడదగ్గ చోటు కావాలట. కావాలి, ఎవరొద్దన్నారు? కూలి చేసుకునే మనవాళ్లు కూడా ఏడాదికోసారి పిల్లల్ని సముద్రం చూపడానికి తీసుకుపోతారు, తాగుబోతుల గోల లేకుండా ఉంటే సంతోషిస్తారు. కానీ ఈ మాటలో కుటుంబం అంటే లెక్క వేరు. కారు దిగి, టికెట్టు కొని, హోటల్లో దిగేదే కుటుంబం. బైనాలో తల్లీ బిడ్డా ఉన్న గది కుటుంబం కాదు. ఊళ్లో ఉన్న ముసలి తల్లికి నెల నెలా మనియార్డరు పంపిన కూతురికి కుటుంబం లేదు. మనలో బడిపంతుళ్లకు ఇది బాగా తెలుసు. జోగిని బిడ్డను బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు అనే గడి దగ్గర కలం ఆగుతుంది. తల్లి తల దించుకుంటుంది. ఆ తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు, రాసేవాడికీ తెలుసు. గడి మాత్రం ఖాళీ. ఊళ్లో ఆ గడిలో దొరకని కుటుంబం బీచిలో దొరుకుతుందా?

ఇంకో సంగతి. హౌరా వైపు నుంచి విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా వాస్కో దాకా పోయే రైలు ఒకటుంది. దాని పేరు అమరావతి ఎక్స్‌ప్రెస్. బౌద్ధం వెలిగిన ఊరి పేరు పెట్టుకున్న ఆ బండి కరువు సీమను అడ్డంగా కోసుకుంటూ పోయి సరిగ్గా బైనా పక్కన ఆగుతుంది. రైలును తప్పు పట్టడం లేదు. ఆ రైలెక్కడానికి ముందు ఊళ్లో ఏం జరిగిందో అడగాలంటున్నాం.

ఏం జరిగింది? తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివిని, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరు, దేవతలు వేరు, పద్ధతి ఒకటే. దళితవాడలో ఆడపిల్లను దేవత పేరిట విడిచిపెట్టడం, ఆ తరువాత ఆ పిల్ల ఊరి పెత్తందార్లందరిదీ కావడం. పెళ్లి లేదు, ఆస్తి లేదు, తండ్రి లేని పిల్లలు. చట్టం లేదా అంటే ఉంది. హేమలతా లవణం లాంటివాళ్లు నిజామాబాదు పల్లెల్లో తిరిగి గొడవ చేశాక 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. కర్ణాటకలో అంతకు ముందే, 1982లో. చట్టం వచ్చాక పొట్టు కట్టడం రాత్రిపూట, పక్క ఊరి గుట్ట మీద జరిగింది. ఊళ్లో వాడుకున్నంత కాలం వాడుకుని, ఒళ్లు సడలి, ముప్పై దాటాక తిండి పెట్టేవాడు లేకపోతే ఎవరో ఒక 'అక్క' వచ్చి పట్నంలో పని ఉందంటుంది. అనంతపురం, కడప కరువు పల్లెల్లో అయితే దేవత కూడా అక్కర్లేదు. వాన పడకపోతే చాలు. కరువు కాలంలో దళారీ చేతిలో అడ్వాన్సు ఉంటుంది. పుణె, ముంబై, ఢిల్లీ, గోవా. అడ్వాన్సు తీరేదాకా ఆమె తనది కాదు. అది తీరదు కూడా, గది అద్దె, చీరలు, మందులు అన్నీ అప్పు లెక్కలోకే పోతాయి.

మనుషుల్ని అమ్మడాన్నీ, వెట్టినీ రాజ్యాంగం 23వ అధికరణంలో నిషేధించింది. మరి పోలీసు బలగం గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద దళారీ కోసం కాపు కాసిందా? లేదు. బుల్డోజరు మన ఊరి పెత్తందారు ఇంటి గడప దాకా వచ్చిందా? లేదు. అది పోయి సముద్రం ఒడ్డున అప్పుల్లో కూరుకున్న ఆడమనిషి రేకుల గదిని కూల్చింది. మొదలు వదిలేసి కొస నరికారు.

కూల్చడానికి చట్టం ఎట్లా పనికొస్తుందో కూడా మనవాళ్లు తెలుసుకోవాలి. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం ఒక ఆడమనిషి తనంతట తాను ఈ పని చేయడం నేరం కాదు. కానీ 7వ సెక్షనులో గుడికీ బడికీ ఆసుపత్రికీ, సర్కారు ప్రకటించిన బహిరంగ స్థలానికీ 200 మీటర్ల లోపు చేస్తే నేరం అని ఉంది. 20వ సెక్షను కింద మేజిస్ట్రేటు ఆమెను ఆ ప్రాంతం నుంచే వెళ్లగొట్టొచ్చు. అంటే ఆమె ఉన్న చోట కొత్తగా ఒక పార్కో, ఒక గుడో లేస్తే చాలు, నిన్నటి దాకా నేరస్థురాలు కాని మనిషి ఇవాళ నేరస్థురాలు. బతుకు మారలేదు, చుట్టూ ఉన్న స్థలం మారింది. నగరాలను సుందరీకరించేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

కూల్చినంత మాత్రాన వ్యాపారం ఆగిందా? ఆగలేదు. లాడ్జీల్లోకీ, బార్ల వెనక్కీ, గోవా పొడుగూతా ఉన్న తీరంలోకీ చెదిరిపోయింది. ఒకచోట ఉన్నప్పుడు పక్క గది ఆమె కేక వేస్తే పలికేది. కండోములు పంచేవాళ్లు, మందులు ఇచ్చేవాళ్లు, పిల్లలకు చదువు చెప్పేవాళ్లు వచ్చి పోయేవాళ్లు. చెదిరాక ఒక్కొక్కరూ ఒక్కో దళారీ చేతి కింద ఒంటరి. కూల్చివేత అయిన ఆరు నెలలకు, 2004 డిసెంబరు నుంచి ఏడాది పాటు వైద్య పరిశోధకులు గోవాలో ఈ పనిలో ఉన్న 326 మందిని పరీక్షించారు. ప్రతి నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవి ఉందని తేలింది. ఈ జబ్బును బుల్డోజరు తెచ్చిందని మేం అనం. అంత జబ్బు ఉన్న మనుషులకు మందు కావలసిన వేళ నెత్తిన కప్పు తీసేశారు అంటున్నాం.

పోనీ, గోవా నిజంగా రాత్రి బతుకును వదిలేసి కుటుంబాల రాష్ట్రం అయిపోయిందా? రాజధాని పణజీలో మాండవి నది మీద కాసినో ఓడలు దీపాల తోరణాలతో తేలుతూనే ఉన్నాయి. అక్కడ రాత్రంతా జూదం. దానికి లైసెన్సుంది, సర్కారుకు ఫీజు వస్తుంది. బాగా, కలంగూట్ వైపు తెల్లారేదాకా క్లబ్బులు. 2025 డిసెంబరులో ఆర్పోరాలో ఒక నైట్‌క్లబ్బు తగలబడి 25 మంది చనిపోతే, అందులో ఎక్కువమంది పొట్ట చేతబట్టుకుని దూర రాష్ట్రాల నుంచి వచ్చిన పనివాళ్లే. డబ్బున్నవాడి రాత్రి పేరు 'నైట్ లైఫ్'. లేనివాడి రాత్రి పేరు 'మురికి'. ఈ తేడా ఒక్క బైనాలోనే ఆగలేదు. అంజునా, కలంగూట్ ఇసుకలో పూసలదండలూ గుడ్డలూ అమ్ముకునే లమాణీ ఆడవాళ్లను టూరిస్టులకు ఇబ్బంది అని తరుముతుంటారు. లమాణీలంటే మన లంబాడీలే. కర్ణాటకలో ఎస్సీలు, మన రెండు రాష్ట్రాల్లో ఎస్టీలు, గోవా బీచి మీద మాత్రం ఇబ్బంది.

ఇక్కడ మనలో మనకే ఒక వాదం ఉంది, దాచాల్సిన పని లేదు. దీన్ని కూడా ఒక పని అనాలని కొందరు మిత్రులు అంటారు. పని అంటే అమ్మలక్కల మీద జరిగిన కుల అత్యాచారానికి జీతం కట్టినట్టు అవుతుందని మరికొందరు అంటారు. మేం రెండోవాళ్లకు దగ్గర. 1936 జూన్‌లో బాబాసాహెబ్ బొంబాయి పరేల్‌లోని దామోదర్ హాలులో దేవదాసీ, మురళీ, జోగతి స్త్రీల సభలో మాట్లాడారు. వాళ్లలో చాలామంది కామాఠీపురాలో బతికేవాళ్లు. ఆ కామాఠీపురా పేరు కూడా మన తెలుగు నేల నుంచి పోయిన కామాఠీ కూలీల పేరే. ఆ బతుకు విడిచిపెట్టండని ఆయన కఠినంగానే చెప్పారు. అయితే ఆయన వాళ్లను సభకు పిలిచారు, ఎదురుగా కూర్చోబెట్టారు, మీరు ఈ ఉద్యమంలో మనుషులు అని చెప్పి ఆ మాట అడిగారు. పోలీసు వ్యాను పంపలేదు. కాబట్టి ఆ వృత్తి పోవాలనే మనం, ఆ ఇల్లు కూల్చిన చేతికి చప్పట్లు కొట్టలేం. 2022 మే 19న సుప్రీంకోర్టు కూడా పోలీసులు వీళ్లను మర్యాదగా చూడాలనీ, ఇష్టం లేకుండా హోముల్లో బంధించి ఉంచిన వాళ్లెవరో లెక్క తీసి వదలాలనీ ఆదేశించింది. ఆ లెక్క మన జిల్లా హోములో తీశారా అని కలెక్టరును అడిగే హక్కు ఎవరికైనా ఉంది.

ఇదంతా గోవాకే పరిమితం అనుకోవద్దు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మనకూ తీరం ఉంది. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగు వచ్చింది. బీచి అంటే డబ్బు అని సర్కార్లకు తెలిసింది. రేపు మీ పేటకు కూడా కొలత టేపులతో మనుషులు వస్తారు. వల ఆరేసుకునే చోటు, ఎండుచేపలు అమ్ముకునే చోటు, బజ్జీల బండి నిలిపే చోటు కొలుస్తారు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేసి, అందరికీ సర్టిఫికెట్లు ఇవ్వనిదే ఒక్క బండిని కూడా లేపడానికి వీల్లేదు. సర్వే కాగితం చూపమని అడగండి. కాగితం లేకపోతే కదలకండి. మీ పేటలోనో పట్నం సందులోనో బైనా ఆడవాళ్ల లాంటి వాళ్లుంటే వాళ్ల పేర్లు కూడా ఆ జాబితాలో, వాళ్ల నోటి మాట మీదే రాయించండి. ఇల్లు, రేషను కార్డు, పిల్లల బడి చేతికొచ్చాకే కూల్చివేత మాట. ముందు కూల్చి తరువాత చూద్దాం అన్నవాడు తరువాత చూడడు.

తీరానికి దూరంగా ఉన్న పల్లెల కార్యకర్తలకు ఇంకో పని. 2003 జనవరి 3న అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు జీవో 1 ఇచ్చింది. అమ్ముడుపోయి తిరిగొచ్చిన ఆడవాళ్లకు తక్షణం పదివేల రూపాయల సాయం, ఆ తరువాత పునరావాసం అని అందులో ఉంది. మీ మండలంలో ఆ సాయం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, తిరిగొచ్చి మాట పడలేక మళ్లీ రైలెక్కింది ఎవరు, ఈ మూడూ అడిగి తెలుసుకోండి. ఆడ కార్యకర్తలే అడగాలి, అదీ ఇంటి లోపల కూర్చుని. పేర్లు బయట పెట్టొద్దు, పత్రికకు కూడా పంపొద్దు. లెక్కలు చాలు. జోగిని భూమి పట్టాలు ఎవరి సాగులో ఉన్నాయో సర్వే నంబరుతో సహా రాసి పంపండి. వచ్చే సంచిక అచ్చుకు పోయే లోపల ఎన్ని మండలాల నుంచి వస్తే అన్నీ కలిపి రెండు రాష్ట్రాల స్త్రీ శిశు సంక్షేమ శాఖలకు ఇద్దాం.