కర్రీ పాయింట్ కూరలు, పదకొండు బొమ్మలు

మొన్న జనవరిలో మా కోడలి పెయింటింగుల ఎగ్జిబిషన్ జరిగింది. మాదాపూర్ వైపు ఒక గ్యాలరీలో, వారం రోజులు. మొదటి రోజు సాయంత్రం బంధువులందరం వెళ్ళాం. వచ్చినవాళ్ళు బొమ్మలు చూశారు, సమోసాలు తిన్నారు, టీ తాగారు, వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి దాదాపు అందరూ ఒకటే మాట అన్నారు. "మీ కోడలికి ఎంత ఓపికండీ! ఒక పక్క ఇల్లు చక్కబెట్టుకుంటూనే ఇన్ని బొమ్మలు వేసింది."

నేను నవ్వి ఊరుకున్నాను. పెళ్ళిపందిట్లో లాగా అక్కడ వాదించలేం కదా. కానీ ఆ మాట అబద్ధం. ఆ నాలుగు నెలలూ మా ఇల్లు చక్కగా లేదు. వారానికి మూడు రోజులు కర్రీ పాయింట్ కూరలే. ఆరిన బట్టలు సోఫా మీద గుట్టగా ఉండేవి, ఎవరికి కావలసినవి వాళ్ళు లాక్కునేవాళ్ళం. మనవరాలి స్కూల్ డైరీలో సంతకం పెట్టడం మర్చిపోయి రెండుసార్లు మాట పడ్డాం. కార్తీకమాసంలో వనభోజనాలకి మేం వెళ్ళలేదు.

ఇవన్నీ చెప్పి మా కోడల్ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. అసలు విషయం చెప్పాలంటే ఇవి చెప్పక తప్పదు.

తను మనుషుల బొమ్మలు వేస్తుంది, ఆయిల్ రంగులతో. ఎక్కువగా ఆడవాళ్ళే. పూలు కట్టే ఆవిడ, మెట్ల మీద కూర్చుని చెప్పు పిన్నీసుతో బిగించుకుంటున్న పిల్ల, అలాంటివి. మేం కొడుకు దగ్గరకు వచ్చి స్థిరపడేసరికి ఈ ఫ్లాట్‌లో ఈశాన్యం గది తన బొమ్మల గదిగా ఉంది. ఈశాన్యం అంటే దేవుడి గది ఉండాల్సిన చోటు కదా. వచ్చిన వారానికే అడిగేశాను. "అత్తయ్యా, ఉత్తరం కిటికీ ఉన్నది ఆ గదికే. అటు నుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా పెద్దగా మారదు. వేరే గదిలో అయితే పూట పూటకీ మొహం మీద నీడలు జరిగిపోతాయి," అంది. నేను మా అబ్బాయి వంక చూశాను. వాడు ఫోన్ వంక చూసుకున్నాడు. చివరికి దేవుడు హాల్లో ఒక మూల సర్దుకున్నాడు. నాకైతే చాన్నాళ్ళు మనసులో ముల్లు ఉండిపోయింది.

ఆయిల్ రంగుల సంగతి నాకు అప్పట్లో ఏమీ తెలీదు. గోడకి వేసే రంగులాగే పొద్దున వేస్తే సాయంత్రానికి ఆరిపోతుందనుకునేదాన్ని. ఇవి నీళ్ళు ఆవిరైనట్టు ఆరే రంగులు కావట. అందులో ఉండేది అవిసె నూనె. అది గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. కొన్ని మట్టి రంగులు రెండు రోజుల్లో ఆరితే, తెలుపు, నలుపు వారం దాటినా అంటుకుంటాయి. వానాకాలంలో మరీ ఆలస్యం. అడుగు పూతలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ ఉండాలి. పైపైకి వెళ్ళేకొద్దీ నూనె పెరగాలి. తిరగేసి వేస్తే కొన్నాళ్ళకి బీటలు వారుతుంది. చివరి వార్నిష్ పూయడానికి మామూలుగా ఆరు నెలలో ఏడాదో ఆగాలి. వడియాలు పెట్టిన మనకి ఇది అర్థం కాని విషయం కాదు. పైన ఎండినట్టుంటుంది, లోపల పచ్చి.

అందుకని జనవరిలో ప్రదర్శన అంటే బొమ్మల్లో చాలావాటి పని అక్టోబర్‌కే ముగియాలి. అంటే ఆవిడకి పని ఊపిరాడనివ్వని రోజులు ఏవో తెలుసా? శ్రావణమాసం నోములు, వినాయక చవితి, దసరా. అటూ ఇటూ పెళ్ళిళ్ళు. ఆ రోజుల్లో ఆ గది తలుపు తట్టిన చేతులు ఎవరివో లెక్కపెడితే, మగవాళ్ళవి ఒకటో రెండో. మిగతావన్నీ మనవే. వాయనానికి రమ్మని ఒకరు. చీరల సెలెక్షన్‌కి తోడు రమ్మని ఒకరు. పాలవాడికి చిల్లర, సిలిండర్ వచ్చింది, పోపులోకి ఇంగువ ఎక్కడుంది? ఆ చివరివి నావి. అందరం ఒకే సాకు చెప్పుకున్నాం. "ఇంట్లోనే ఉంటుంది కదా!"

జీవితమంతా ఇదే మాట పడ్డవాళ్ళం మనం. నేను ఇంట్లోనే ఉంటాను కదా అని మా వారి అన్నదమ్ముల పిల్లల పరీక్షలకీ, ఊరి నుంచి వచ్చినవాళ్ళ ఆసుపత్రి పనులకీ ముప్పై ఏళ్ళు మా ఇల్లే సత్రం. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలిసిన నేనే, దాన్ని కోడలి మీదకి విసిరాను.

ఇక నేను చేసిన ఘనకార్యాలు చెప్తాను. మొదటిది చిన్నది. కుంచెలు తుడిచిన గుడ్డలు గదిలో ఉంటే, మసిగుడ్డలకి పనికొస్తాయని ఉండచుట్టి వంటగట్టు కింద పెట్టాను. అది చూసి పరిగెత్తుకొచ్చింది. అవిసె నూనె పీల్చిన గుడ్డలు ఉండగా పడి ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవట! అందుకే తను వాటిని మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి వేస్తుంది. ఆ గదిలో తను ఏదీ తినదు కూడా. కొన్ని ఎరుపులు, పసుపుల్లో కాడ్మియం ఉంటుంది, అది విషం. నేనేమో రోజూ పదకొండు గంటలకి ప్లేట్‌లో పెసరట్టు పెట్టి, ఆ రంగుల బల్ల మీదే పెట్టి వచ్చేదాన్ని. తినకపోతే అలిగేదాన్ని.

రెండోది చిన్నది కాదు. దసరాకి ఇల్లంతా దులుపుతున్నాం. తను ఫ్రేములవాడి దగ్గరకి వెళ్ళింది. ఆ గది మాత్రం ఎందుకు వదలాలని తలుపు తీశాను. గోడకి ఆనించి అన్నిటికన్నా పెద్ద బొమ్మ, నా భుజాల ఎత్తు ఉంటుంది. డాబా మీద ముగ్గురు ఆడవాళ్ళు పాత చీర పరిచి వడియాలు పెడుతుంటారు. గ్యాలరీలోకి అడుగుపెట్టగానే ఎదురు గోడకి అదే పెట్టాలని, ఆహ్వానం కార్డు మీద కూడా అదే వెయ్యాలని అనుకున్నారు. దాని మీద దుమ్ము పడుతోందని నాకు బాధేసింది. తడిగుడ్డతో పై నుంచి ఒక్కసారి తుడిచాను. గుడ్డకి గోధుమరంగు అంటింది. తలెత్తి చూస్తే నడిమి ఆవిడకి ఒక కన్ను లేదు, నుదురు లేదు.

మంచం మీద కూర్చుండిపోయాను. తను వచ్చి చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు బొమ్మనే చూసింది. తర్వాత గ్యాలరీకి ఫోన్ చేసి పన్నెండు కాదు, పదకొండే వస్తాయని చెప్పింది. ఆ మొహం గీకేసి మళ్ళీ పొరలు పొరలుగా వెయ్యాలి, ఒక్కో పొరా ఆరాలి, జనవరికి అందదు. కార్డు మీద బొమ్మ మార్చారు.

అంతకుముందు జూలైలో నన్ను అడిగింది, "రోజూ ఒక గంట నాకోసం కూర్చుంటారా అత్తయ్యా, మీ బొమ్మ వేస్తాను" అని. నాకు బోలెడు పనులున్నాయన్నాను. ఇప్పుడు నేనే వెళ్ళి, కూర్చోమంటావా అని అడిగాను.

పద్నాలుగు రోజులు కూర్చున్నాను. పాదాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీత గీసింది, మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టడానికి. ఇరవై నిమిషాలకోసారి లేచి నడవమనేది. చేతుల్లో చిక్కుడుకాయలైనా ఇవ్వమ్మా, ఈనెలు తీసుకుంటూ కూర్చుంటాను అంటే, వద్దంది. పెళ్ళయ్యాక పగటిపూట చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం నాకు అదే మొదలు. నడుం నొప్పి సరే, సిగ్గేసింది.

అక్కడ కూర్చుంటే గానీ తెలియలేదు. ఎప్పుడైనా తలుపు సందులోంచి చూస్తే తను ఊరికే నిలబడి ఉండేది. ఖాళీగానే ఉందిలే అని పిలిచేదాన్ని. ఆ ఊరికే నిలబడటంలోనే సగం పనుందని ఎదురుగా కూర్చుంటే అర్థమైంది. పది నిమిషాలు చూస్తుంది, రెండడుగులు వెనక్కి వేస్తుంది, కళ్ళు చిట్లిస్తుంది, కుంచె ఒక్కసారి ఆనిస్తుంది. నా ముక్కు పక్క నీడలో ఆకుపచ్చ ఉందంటుంది. మన చామనఛాయకి తెలుపు ఎక్కువ కలిపితే బూడిద పూసినట్టు అవుతుందట, అందుకని వెలుగు కోసం కూడా పసుపు, ఎరుపులే వెతుక్కుంటుంది. ఆ చూపు మధ్యలో ఎవరైనా "ఇంగువ ఎక్కడుంది" అంటే ఏమవుతుంది? పాలు పొంగే క్షణంలో కాలింగ్ బెల్ మోగితే మనకేమవుతుందో అదే. మనకి లీటరు పాలతో పోతుంది, తనకి ఆ పూట పోతుంది.

ఐదో రోజు నా మొహం మొత్తం కత్తితో గీకేసింది. "బాగానే వచ్చింది కదమ్మా!" అని అరిచాను. "పోలిక వచ్చింది అత్తయ్యా, మీరు రాలేదు," అంది.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు మమ్మల్ని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయారాయన. ఆయన భార్య సత్యవాణి గారు కూడా చిత్రకారిణే అని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. బొమ్మల కోసం ఆవిడకి పగటిపూట ఏ గంట దొరికేదో! ఆ ప్రశ్న నాకు ఇప్పుడు వచ్చింది, కోడలి గదిలో కూర్చున్నాక. అమృతా షేర్‌గిల్ పారిస్‌లో ఉండగా 1932లో 'యంగ్ గర్ల్స్' అనే బొమ్మ వేసింది. అందులో ఇద్దరమ్మాయిల్లో ఒకరు సొంత చెల్లెలు ఇందిర. మనిషి బొమ్మ వెయ్యాలంటే ముందు ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు కుదురుగా కూర్చోవాలి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే కనక. పదకొండులో నాలుగు అమ్ముడయ్యాయి. అమ్ముడైన బొమ్మ పక్కన చిన్న ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. నాకది బొట్టు పెట్టినట్టే అనిపించింది. గ్యాలరీలు సాధారణంగా ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటాయి. కాన్వాసులు, రంగులు, ఫ్రేములు, వ్యాన్ ఖర్చు మా కోడలివే. అవన్నీ తీసేసి మిగిలింది నెలలకి పంచితే, మా పనమ్మాయి జీతానికి కాస్త అటూ ఇటూ. 2023లో షేర్‌గిల్ బొమ్మ 'ది స్టోరీ టెల్లర్' వేలంలో 61.8 కోట్లు పలికిందని మా మరిది ప్రతి పండక్కీ గుర్తుచేస్తాడు. అప్పటికి ఆవిడ పోయి ఎనభై ఏళ్ళు దాటింది. 1941 డిసెంబర్‌లో, లాహోర్‌లో తన ప్రదర్శన ఇంకొన్ని రోజుల్లో మొదలవుతుందనగా, ఇరవై ఎనిమిదేళ్ళకే పోయింది. అది మా మరిది చెప్పడు.

డబ్బు రాలేదు కాబట్టి హాబీ అనుకుందామంటే, మరి మన వంటకి ఎవరైనా జీతమిచ్చారా? మనం దాన్ని హాబీ అంటే ఊరుకుంటామా?

అందుకే "ఇల్లు చక్కబెట్టుకుంటూనే" అన్న మెచ్చుకోలు నాకు మింగుడు పడలేదు. అది విన్న ఇంకో ఇంటి అత్తగారు తన కోడలితో ఏమంటుంది? "చూడు, ఆవిడ రెండూ చేస్తోంది, నీకేం?" అనదూ? ఎవరూ రెండూ చెయ్యడం లేదు. ఒకటి చేస్తుంటే రెండోది ఇంకొకరు చేస్తున్నారు, లేదా అది ఆగిపోతోంది. మా ఇంట్లో వంట కొంత కర్రీ పాయింట్ చేసింది, కొంత నేను చేశాను, ఆదివారాలు మా అబ్బాయి ఉప్మా చేశాడు (ఉండలు కట్టింది, అయినా తిన్నాం). పాతకాలం మగ కళాకారుల ఇళ్ళల్లో కూడా అన్నం ఎవరో వండే ఉంటారు. వాళ్ళని మాత్రం ఎవరూ, "ఇల్లు చక్కబెట్టుకుంటూనే ఇన్ని బొమ్మలు వేశాడు" అనలేదు.

ప్రోత్సహించాలి, ప్రోత్సహించాలి అంటుంటారు. మా కోడలు నా ప్రోత్సాహం ఎప్పుడూ అడగలేదు. పొద్దున పదింటి నుంచి మూడు దాకా తలుపు తట్టకుండా ఉంటే చాలంది. ఈ చిన్న కోరిక నెరవేర్చడానికి నాకు ఒక కన్ను, ఒక నుదురు ఖర్చయ్యాయి.

పోయిన వారం మా చెల్లెలు ఫోన్ చేసింది, మధ్యాహ్నం పన్నెండప్పుడు. అమ్మాయికి ఇవ్వు, సత్యనారాయణ వ్రతానికి పిలవాలి అంది. పనిలో ఉంది, మూడు దాటాక చెయ్యి అన్నాను. "ఇంట్లో లేదా?" అంది. ఉంది, పనిలో ఉంది అని మళ్ళీ చెప్పాను. కాస్త మూతి ముడిచినట్టే ఉంది గానీ మూడుంపావుకి చేసింది.

వడియాల బొమ్మ మార్చిలో పూర్తయింది. నడిమి ఆవిడకి ఇప్పుడున్న కళ్ళు వేరు, మునుపటికంటే కాస్త కోపంగా ఉన్నాయని నా అనుమానం. అడిగితే కోడలు నవ్వుతుంది. వార్నిష్‌కి ఇంకా టైముందట. అలాగే గోడకి ఆనించి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము పడుతోంది, నాకు గుమ్మంలోంచే కనిపిస్తోంది.