థాయిలాండులో పరదేశీయుల నివేదనలు

తన దేశమున నెవరు వసించుచున్నారో యెరుగుట ప్రతి ప్రభుత్వమునకును హక్కే. కాని యా హక్కు ప్రజలకు నిష్కారణ క్లేశము గారాదు. థాయిలాండులో 1979వ సంవత్సరపు ఇమ్మిగ్రేషన్ చట్టము 38వ సెక్షను ననుసరించి, పరదేశీయునకు బస యిచ్చిన గృహయజమాని 24 గంటలలో నధికారులకు దెలుపవలెను. తప్పినచో 2,000 బాత్‌ల వరకు జుల్మానా. శాసనము భారమును యజమానిపై మోపినది. కాని 2019లో దీనిని గట్టిగా నమలు జరిపినపుడు, నివాసానుమతిని పొడిగించుకొనబోయిన పరదేశీయుడే చిక్కులపాలయ్యెను. ఏండ్లతరబడి యొకే యింట కాపురమున్నవాడు నాలుగు దినములు పొరుగుదేశమునకు బోయివచ్చినను, వానిని గూర్చి క్రొత్తవానివలె మరల నివేదింపవలసి వచ్చెను. యజమాని యశ్రద్ధకు అద్దెదారు బాధపడుట యే న్యాయము?

2020 జూన్ 30 నుండి యీ నిబంధన సడలినది. చెల్లుబడిగల పునఃప్రవేశానుమతితో, పూర్వము తెలిపిన చిరునామాకే తిరిగివచ్చువానిని గూర్చి మరల దెలుపనక్కరలేదు. ఇది యుచితమైన సంస్కరణము. అయినను 37వ సెక్షను క్రింద, 90 దినములకు మించి నిలుచు పరదేశీయుడు తన నివాసమును ప్రతి 90 దినములకును దెలుపవలయునను విధి వేరుగా నున్నది. దేశము వీడి తిరిగివచ్చినపుడెల్ల నా లెక్క మొదటినుండి యారంభమగును. మొదటిది సడలెనని రెండవదానిని మరచువారు జుల్మానాకు గురియగుదురు.

మారని చిరునామాను మాటిమాటికి నడుగుటవలన ప్రభుత్వమునకు దెలియు క్రొత్త సంగతి యేమున్నది? 2020లో నంగీకరించిన న్యాయమునే 37వ సెక్షనునకును వర్తింపజేయుట యుక్తమని మా యభిప్రాయము.