పాత పికప్పుకు ఎక్కే బలం, దిగే బలం

పోయిన నెల పెన్షన్ కాగితాల గురించి రాసినాను. ఈ నెల బండి గురించి. మిల్లు మనిషికి బండి గొడవ ఎందుకు అంటారేమో. మన ఇండ్లల్లో ఇప్పుడు మగ్గం నడిపేవాళ్ళకన్నా స్టీరింగు పట్టేవాళ్ళే ఎక్కువ. బిన్నీపేట, కాటన్‌పేట, మాగడి రోడ్డు పక్క ఏ సందులో చూసినా ఒక పాత పికప్పు నిలబడి ఉంటుంది. అందుకే రాస్తున్నా.

మా చిన్నల్లుడికి ఒక డీజిల్ పికప్పు ఉంది. టర్బో లేని పాత ఇంజను. చిక్కపేటలో బట్టల బేళ్ళు ఎత్తుకుని చిత్తూరు పోతాడు. వచ్చేటప్పుడు బెల్లం, కాలం వస్తే మామిడికాయలు వేసుకొస్తాడు. చిత్తూరు నుంచి పలమనేరు రావాలంటే మొగిలి ఘాట్ ఎక్కాల. అక్కడ బండి ఆయాసపడేది. ఫస్టు గేరులో పాకేది, నల్లపొగ వచ్చేది, వెనక లారీలవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు.

ఒక ఆదివారం ఇంటికొచ్చి అన్నాడు. "మామా, గుజరీలో పెద్ద టర్బో ఇంజను ఒకటి చూసినా. బిగించి ఇచ్చేదానికి లక్షా ఇరవై వేలు చెప్తున్నారు. ఈమె గొలుసు కుదువ పెడితే సరిపోతుంది."

మా పాప ఏమీ మాట్లాడలేదు. చెయ్యి మాత్రం మెడ మీదికి పోయింది. అది చూసి నేను ఊరికే ఉండలేకపోయినా. "ఒక వారం ఆగప్పా. ముందు ఉన్న ఇంజను సంగతి చూద్దాం" అన్నాను.

నేను ఐదో తరగతి వరకే చదివినా. కానీ ముప్పై ఏండ్లు రింగు ఫ్రేముల దగ్గర పని చేసినా కాబట్టి ఒక సంగతి తెలుసు. మోటారుకు చిన్న పుల్లీ వేస్తే ఫ్రేము నిదానంగా తిరుగుతుంది, మోటారు మాత్రం ఆయాసపడదు. పెద్ద పుల్లీ వేస్తే ఫ్రేము ఎగురుతుంది, మోటారు వేడెక్కుతుంది. మోటారు అదే, మార్చింది పుల్లీ. బండిలో కూడా ఇదే లెక్క.

తిప్పే బలాన్ని టార్కు అంటారు. ఆ బలం ఎంత, ఎంత వేగంగా తిప్పుతుంది, రెండూ కలిపిన లెక్క హార్స్‌పవర్. ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు ఇంజను నిమిషానికి 1200, 1500 చుట్లు తిరిగే చోట టార్కు కావాల. టర్బో అంటే సైలెన్సరుకు పోయే పొగతో తిరిగి, ఇంజనుకు ఎక్కువ గాలి తోసే పంకా. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు పొగే తక్కువ, టర్బో ఇంకా లేవదు. పెద్ద టర్బో అయితే మరీ ఆలస్యం. అంటే మనకు బలం కావలసిన చోటే అది నిద్రపోతుంటుంది. పెద్ద టర్బో అనగానే ఘాట్ సులభం అనుకోవద్దు.

కలాసిపాళ్యం పక్క నాకు తెలిసిన పెద్ద మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. బండి అక్కడికి తీసుకుపోయినాము. ఆయన ఇంజను విప్పలేదు. ముందు ఎయిర్ ఫిల్టరు తీసి తట్టినాడు, దుమ్ము రాలింది. డీజిల్ నల్లగా కాలేది సగం దానివల్లే. నాజిళ్ళు పరీక్ష పెడితే రెండు చుక్కలు కారుస్తున్నాయి. టాపెట్ సందు తప్పింది. క్లచ్ ప్లేటు అరిగి జారుతోంది. వెనక ఒక చక్రం బ్రేకు వదలకుండా పట్టుకునే ఉంది. బ్రేకు వేసుకుని ఘాటెక్కితే ఏ ఇంజనైనా ఏం చేస్తుంది?

చివర్లో టైర్లు చూసి, "ఇవి ఎవరు వేయించినారు? కంపెనీ సైజు కాదే" అన్నాడు. నేను తల వంచుకున్నా. రెండేండ్ల కిందట ఆయుధపూజకు అల్లుడికి నేనే కొనిచ్చినా. పెద్ద టైరు అయితే బండి ఎత్తుగా, గంభీరంగా ఉంటుందని. టైరు ఎత్తు పదో వంతు పెరిగితే చక్రం దగ్గర లాగే బలం దాదాపు పదో వంతు తగ్గుతుంది. పెద్ద పుల్లీ వేసినట్టే. పుల్లీ సంగతి తెలిసి కూడా నేనే ఆ తప్పు చేసినా.

ఇంక అడగవలసింది ఒకటే మిగిలింది. "ఎంత లోడు వేస్తావప్పా?" ఒకటీ ఆరు వందల కిలోలు అన్నాడు. ఆర్‌సీ లెక్కన వేయదగింది 1200 కిలోలు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఎక్కువ లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా రాసి ఉంది. జరిమానా ఒక పక్క. ఆ బండి మొగిలి ఘాట్ ఎక్కడమే కాదు, బట్టల బేళ్ళతో దిగుతుంది కూడా. పెద్ద ఇంజను వేస్తే బ్రేకులు పెద్దవి కావు. ఎక్కలేని బండి నిలబడిపోతుంది, అంతే. ఆగలేని బండి ఇల్లు కూలుస్తుంది. ఈ మాట అన్నప్పుడు అల్లుడు మొదటిసారి నా ముఖం చూసినాడు.

అన్నీ కలిపి 26,000 అయింది. పాత సైజు టైర్లు, నాజిళ్ళు, క్లచ్, నాలుగు చక్రాల బ్రేకులు. టైర్లు నా తప్పు కాబట్టి 10,000 నేనిచ్చినా. గొలుసు మెడలోనే ఉంది. ఇప్పుడు 1200 కిలోలతో ఘాట్ ఎక్కువ భాగం సెకండు గేరులో ఎక్కుతోంది, నల్లపొగ పోయింది. మూడు ట్రిప్పుల్లో తెచ్చే సరుకు నాలుగు ట్రిప్పుల్లో తేవాల. ఆ నాలుగో ట్రిప్పు డీజిలు మీద పడుతుంది, కాదనను. అల్లుడు ఇంకా అప్పుడప్పుడు సణుగుతాడు.

ఇంతచేసినా బలం చాలదంటే వరస ఇది. ముందు వెనక డిఫరెన్షియల్‌లో క్రౌను, పినియను పళ్ళ లెక్క. 3.9 ఉన్నదాన్ని 4.55 చేస్తే లాగే బలం ఆరో వంతు పెరుగుతుంది, హైవేలో స్పీడు ఆ మేరకు తగ్గుతుంది. మీ బండికి సరిపోయే కంపెనీ సెట్టు ఉంటేనే వేయించండి. తర్వాత కంప్రెషన్ చూపించి, పోయింటే బోరు పని. పంపు స్క్రూ తిప్పి డీజిలు ఎక్కువ చేయిస్తే బలం వచ్చినట్టే ఉంటుంది, వేడికి హెడ్ గ్యాస్కెట్, పిస్టను పోతాయి. ఇంజనే మార్చాలంటే 52వ సెక్షను ప్రకారం ముందు ఆర్‌టీఓ అనుమతి కావాల, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాల, ఇన్సూరెన్సువాళ్ళకు చెప్పాల. చెప్పకుండా మార్చి ఏదైనా జరిగితే క్లెయిము కోసం మన ఆడపిల్లలే తిరగాల.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కినారో ఆ గేరులోనే దిగండి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి, ఇంజను ఆపి వదలొద్దు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూం కూడా పోతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇంజను మార్చాలంటే, గొలుసు తీయకముందు ఎయిర్ ఫిల్టరు తీసి చూడమనండి. టైరు సైజు కూడా చూడమనండి. మీ మామ కొనిచ్చినదైనా సరే.

మళ్ళీ నెల కలుద్దాం.