మార్గరక్షణమును ప్రజాభిప్రాయమును

ప్రజాభిప్రాయము మిక్కిలి బలము గలదని పెద్దలందురు. అది సత్యమే. కాని యా బలము మేల్కొను వేళను గూర్చి మనము యోచించుట యరుదు. మార్గరక్షణ విషయమున మన ప్రజాభిప్రాయము తఱచుగా పాడె లేచిన పిమ్మటనే మేల్కొనుచున్నది. ఈ యలవాటును మార్చుకొనవలయునని విన్నవించుటయే యీ వ్యాసము నుద్దేశము.

2014 జూలై 24వ తేదీని మెదకు జిల్లాలోని మాసాయిపేటయొద్ద, గేటుగాని కాపలాగాని లేనిచోట పట్టాలు దాటుచున్న పాఠశాల బస్సును పాసెంజరు రైలు ఢీకొనెను. పదిమందికి మించిన బాలబాలికలు మరణించిరి. దేశమంతయు దుఃఖించెను, గేట్లు పెట్టవలయునని కేకలు లేచెను. 2018 ఏప్రిల్ 26వ తేదీని ఉత్తరప్రదేశమునందలి కుశీనగర్ జిల్లాలో నట్టి చోటనే మఱి 13 మంది పిల్లలు మరణించిరి. మరల కేకలు లేచెను. తుదకు 2019 జనవరి నెలాఖరునకు బ్రాడ్‌గేజి మార్గములయందు కాపలాలేని లెవెల్ క్రాసింగులు లేకుండ చేయబడెను. కొన్నింట కాపలావారిని నియమించిరి, కొన్నిటిని మూసిరి, కొన్నిచోట్ల పట్టాలక్రింద దారి కట్టిరి.

దీనివలన మనము గ్రహింపవలసినవి రెండు కలవు. ప్రజలు పట్టుబట్టి కోరినచో ప్రభుత్వము చేయగలదనునది మొదటిది. ఆ కోరిక యాలస్యమైనచో దానికి వెల పసిప్రాణములతో చెల్లింపవలసివచ్చు ననునది రెండవది. గేటు లేనిచోట బండి నాపి, తోడివాడొకడు దిగి పట్టాలవఱకు నడచి, రైలు వచ్చుట లేదని చూచిన పిమ్మటనే దాటవలయునని 1988 నాటి మోటారు వాహనముల చట్టమే విధించియున్నది. మన బిడ్డల నెక్కించుకొని పోవు బస్సువానిని, ఆ నియమము పాటించుచున్నావా యని యడిగినవారు మనలో నెందఱు?

2019 సెప్టెంబరు 1వ తేదీని ఆ చట్టమునకు సవరణలు అమలునకు వచ్చినప్పుడు ప్రజాభిప్రాయము మఱియొక ముఖము చూపెను. హెల్మెట్టు ధరింపనివానికి 1,000 రూపాయల జరిమానా యనగానే నిరసన బయలుదేఱెను. గుజరాతు ప్రభుత్వము దానిని 500 రూపాయలకు తగ్గించెను. బీదవానికి వేయి రూపాయలు భారమే, కాదనరాదు. రోడ్లలోని గుంటలు పూడ్పక జరిమానాలు వసూలు చేయుట న్యాయమా యను ప్రశ్నయు త్రోసివేయదగినది కాదు. గుంట పూడ్చుట ప్రభుత్వమునకు విధి. పూడ్పుమని యడుగుట మనకు హక్కు. కాని గుంటలున్న దారియందే తలకు రక్షణ మెక్కువ యవసరము గదా! కేంద్రప్రభుత్వపు లెక్కలబట్టి 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములయందు 1,68,491 మంది మరణించిరి. వారిలో 50,029 మంది హెల్మెట్టు లేక ద్విచక్రవాహనములపై పోయినవారు.

మైనరు బాలుడు బండి నడపి నేరము చేసినచో తల్లిదండ్రులకు లేక సంరక్షకునికి 3 సంవత్సరములవఱకు ఖైదును 25,000 రూపాయల జరిమానాయు ఆ చట్టమే విధించుచున్నది. అట్లయ్యు పదవ తరగతి దాటకమునుపే కుమారుని చేతికి మోటారు సైకిలు తాళమిచ్చుట ముద్దుగా నెంచువారు కలరు. వేగము రెండింతలైనచో దాని శక్తి నాలుగింత లగునని భౌతికశాస్త్రమున పాఠము వల్లించిన బాలుడే సాయంకాలమున నిద్దఱు స్నేహితుల నెక్కించుకొని పరుగిడుచున్నాడు. ఈ పాఠము పరీక్షకొఱకు మాత్రమేనా?

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలయునని మోషే ధర్మశాస్త్రము విధించినది. ఒకడు పడిన పిమ్మట గోడ కట్టుమని యది చెప్పలేదు. ఇల్లు కట్టునపుడే కట్టుమన్నది. ఆ గోడ లేక యెవడేని పడి మరణించినచో దోషము గృహస్థునిదే. పిట్టగోడకు వ్యయమగును, కాని మిద్దెమీద నాడుకొను బిడ్డకంటె ఇటుకలు ప్రియమా?

కావున తల్లిదండ్రులారా, మన బిడ్డ లెక్కు బస్సులోను ఆటోలోను ఎందఱు కూర్చుండదగునో యెందఱు కూర్చుండుచున్నారో లెక్కించి చూడుడు. ఎక్కువయున్నచో నేడే యడుగుడు. విద్యార్థులారా, మీ దారిలోని గుంటను, దీపము లేని మలుపును, కాలిబాట లేని వంతెనను గుర్తించి వ్రాయుడు. పలువురి సంతకములతో ఆ కాగితము పంచాయతీకో పురపాలక సంఘమునకో పంపుడు. ప్రత్యుత్తరము రాకున్న మరల పంపుడు. ఉపాధ్యాయులారా, తల హెల్మెట్టుతో పాఠశాల ద్వారమున ప్రవేశించి మొదట మనమే మార్గము చూపుదము.

ప్రజాభిప్రాయ మనగా వీధిలో లేచు కేక మాత్రమే కాదు. ఇంటి గడప దాటకమునుపు మనము చేయు నిర్ణయమును ప్రజాభిప్రాయమే. అది ముందు మేల్కొన్నచో, తరువాత కేక వేయ నవసర ముండదు.