మాల తీసిన మరునాడు

కార్తీక మాసం ప్రవేశించగానే మా రేణిగుంట జంక్షను ప్లాట్‌ఫారాలు నల్లబట్టల స్వాములతో నిండిపోతాయి. శబరిమల వెళ్లే రైళ్లు మా ఊరి మీదుగా పోతాయి. ఊళ్లోనూ ప్రతి వీధిలో నలుగురైదుగురు మాల ధరిస్తారు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, నోటి వెంట శరణుఘోష తప్ప పరుషవాక్యం రాకపోవడం. ఏడాదిలో ఏనాడూ సీసా వదలని మనిషి ఆ నలభై ఒక్క రోజులు దానివైపు కన్నెత్తి చూడడు. ఇల్లాలు నిశ్చింతగా నిద్రిస్తుంది. పిల్లలు తండ్రి పక్కన కూర్చుని హోంవర్కు రాసుకుంటారు.

యాత్ర ముగించుకుని వచ్చి, మాల తీయించుకోవడానికి వారు గుడికి వస్తారు. భర్త ముఖంలో దర్శనభాగ్యం తాలూకు వెలుగు ఉంటుంది. వెనుక నిలబడిన భార్య ముఖంలో దిగులు ఉంటుంది. "ఇంకొక్క మండలం ఉంచుకోమని మీరైనా చెప్పండి అయ్యవారూ" అని నోరు విడిచి అడిగిన తల్లులు కూడా ఉన్నారు. మరునాటి సాయంత్రం ఏమి జరుగుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ భర్తకు తెలియదా? తెలుసు. తెలిసీ జరుగుతుంది. పాఠక మహాశయులారా, ఈ వారం మీతో మాట్లాడదలచినది ఈ తెలిసీ జరిగే విషయం గురించే.

ఇది మద్యానికి మాత్రమే పరిమితమైనది కాదు. పరీక్ష నెల రోజులు ఉందనగా పుస్తకం తెరవకుండా, తీరా ఫలితం వచ్చాక జాతకం తెరిచే విద్యార్థిని చూస్తున్నాం. కోడలు నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్లగానే అయిదో మాటగా ఏదో ఒక పుల్లవిరుపు అని, ఆపై రాత్రంతా కుమిలిపోయే అత్తగారూ ఉన్నారు. సంబంధం కుదిరే వేళకు ఏదో ఒక వంక పెట్టి చెడగొట్టుకునే వారు, చేతికి నాలుగు డబ్బులు అందగానే అప్పు తీర్చక కొత్త అప్పుకు తెరతీసేవారు. శత్రువు చేసిన కీడు అయితే కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ కీడు చేసినవాడూ, కీడు అనుభవించేవాడూ ఒక్కడే.

భగవద్గీత 3వ అధ్యాయం 36వ శ్లోకంలో అర్జునుడు అడిగిన ప్రశ్న ఇదే. ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్లుగా మనిషి పాపం ఎందుకు చేస్తాడని అతడు అడిగాడు. రజోగుణం నుంచి పుట్టిన కామమూ క్రోధమూ అని స్వామి సమాధానం. 6వ అధ్యాయంలో స్వామి మరొక మాట చెప్పారు. తనను తాను ఉద్ధరించుకోవలసినవాడు తానేనని, తనకు బంధువూ తానే, శత్రువూ తానేనని. ఈ మాటను మనం ఉపన్యాసాలలో వినీ వినీ అరగదీశాం. అది ఎంత కఠినమైన మాటో గ్రహించాలంటే నలమహారాజు కథ దగ్గరకు వెళ్లాలి.

మహాభారతం అరణ్యపర్వంలో, జూదంలో సర్వమూ పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, తనవంటి దురదృష్టవంతుడు లోకంలో మరొకడు ఉన్నాడా అని వాపోతాడు. అప్పుడు బృహదశ్వ మహర్షి నలుడి కథ చెబుతాడు. నన్నయ భట్టారకుడి తెలుగు ద్వారా ఈ కథ మన ఇళ్లలోకి వచ్చింది. దమయంతి తనను కాదని నలుణ్ణి వరించిందన్న అక్కసుతో కలిపురుషుడు నలుణ్ణి ఆవహించాలనుకున్నాడు. కానీ సందు దొరకలేదు. ఎంతకాలం వేచి ఉన్నాడు? పన్నెండు సంవత్సరాలు. చివరకు దొరికిన సందు ఏమిటి? ఒకనాడు నలుడు మూత్రవిసర్జన చేసి, కాళ్లు కడుక్కోకుండా ఆచమించి సంధ్యకు కూర్చున్నాడు. అంతే. రాజ్యం పోవడానికి, భార్యను అడవిలో వదలడానికి దారి అక్కడ మొదలయింది.

చిన్నప్పుడు మా గురువుగారి వద్ద ఈ ఘట్టం చదివినప్పుడు, ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా అని నాకు కోపం వచ్చింది. ఇప్పుడు అరవై దాటాక వేరుగా తోస్తోంది. అది శిక్ష కాదు, అది గుర్తు. పన్నెండేళ్లు తప్పని నియమం ఒక సాయంత్రం తప్పింది; తప్పిన సంగతి అతడు గమనించలేదు. గమనించి ఉంటే లేచి కాళ్లు కడుక్కుని వచ్చేవాడే కదా! మా ఊళ్లో రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న భక్తులు చాలామంది ఉన్నారు. పాయింట్ల దగ్గర పట్టా జరిగేది కొన్ని అంగుళాలేనట, ఆ అంగుళాల తేడాతోనే ఒక బండి గూడూరుకు, ఒక బండి గుంతకల్లుకు పోతుందట.

ఇక జూదం మొదలయ్యాక మంత్రులు వచ్చి వాకిట నిలబడ్డారు, పౌరులు వచ్చారు, దమయంతి కన్నీళ్లతో చెప్పింది. నలుడికి వినబడలేదు. నెలల తరబడి ఆడాడు. సర్వమూ పోయి, అడవిలో నిద్రిస్తున్న భార్యను విడిచి వెళ్లే ఘట్టం ఎంతటి రాయినైనా కరిగిస్తుంది. వెళ్తాడు, వెనక్కి వస్తాడు, మళ్లీ వెళ్తాడు, మళ్లీ వస్తాడు. ఉయ్యాలలా ఊగిన ఆ మనస్సును చూసినప్పుడల్లా, మద్యం దుకాణం దాకా వెళ్లి వెనుదిరిగి, వీధి మలుపు నుంచి మళ్లీ అక్కడికే నడిచే మనిషి నాకు జ్ఞాపకం వస్తాడు. వాడికి ప్రేమ లేదనకండి. ఉంది కనుకనే ఊగుతున్నాడు.

ఋగ్వేదం 10వ మండలం 34వ సూక్తం అక్షసూక్తం. కవష ఐలూషుడు ద్రష్ట అని సంప్రదాయం. పద్నాలుగు ఋక్కులు. ఒక జూదరి తన గోడు తానే చెప్పుకుంటాడు. అనుకూలవతి అయిన భార్యను దూరం చేసుకున్నాడు, అత్తగారు ఈసడిస్తోంది. ఇక ఆడనని నిశ్చయించుకుంటాడు, పాచికల చప్పుడు వినబడగానే కాళ్లు అటే నడుస్తాయి. వేదమంటే దేవతాస్తుతి మాత్రమే అనుకునేవారు ఈ సూక్తార్థం ఒకసారి తెలుసుకోవాలి. ఆ జూదరిని వేదం వెలివేయలేదు. జూదం మాని పొలం దున్నుకో అని సవితృదేవుడి మాటగా దారి చూపింది. ఊరికే మానమని మాత్రమే అనలేదు, ఆ చేతులకు పని కూడా చెప్పింది. ఈ తేడా గమనించండి.

నాలుగేళ్ల క్రితం ఒక శనివారం ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. చదువుకున్నవాడు, ఉద్యోగం ఉంది. "అయ్యవారూ, ఏలినాటి శని పట్టింది, శాంతి చేయించండి" అన్నాడు. చేతిలో డబ్బు నిలవడం లేదట. మెల్లగా అడిగితే ఫోనులో పేకాట అని తేలింది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం మంచిదే, అవసరమైనదే. అయితే సందు వెదికేవాడికి సందు దొరుకుతూనే ఉంటుంది. శాంతులు చేయించి సంభావన పుచ్చుకునేవాణ్ణి నేనే. అయినా ఆనాడు అతనికి శాంతి చేయలేదు. శనీశ్వరుడు ఎవరి ఫోనులోనూ పేకముక్కలు పంచడు. మన పనిని గ్రహాల మీదకు నెట్టడం కూడా ఒక అలవాటే, పైగా అన్నిటికంటే సుఖమైన అలవాటు.

"నెల రోజులు ఒక చిన్న పుస్తకంలో రాయి నాయనా, ఎప్పుడు ఆడాలనిపించింది, అప్పుడు ఎక్కడున్నావు, అంతకు ముందు ఏమి జరిగింది" అని చెప్పాను. ఈ ఉపాయం నా సొంతం కాదు, ఋతుపర్ణుడిది.

నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాపతి ఋతుపర్ణుడికి సారథిగా ఉన్నాడు. ఇద్దరూ రథం మీద విదర్భకు పోతున్నారు. దారిలో ఒక తానికాయ చెట్టు. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిపే తానికాయే. ఆ రోజుల్లో దాని కాయలే జూదపు పాచికలు. ఋతుపర్ణుడు రథం మీదనుంచే ఆ చెట్టు ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని లెక్క చెప్పాడు. నలుడు నమ్మలేదు, ఆలస్యమవుతోందని రాజు తొందరపెట్టినా వినలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి, తానే లెక్కించాడు. లెక్క సరిపోయింది. తన అశ్వహృదయ విద్యకు బదులుగా ఋతుపర్ణుడి వద్ద అక్షహృదయం నేర్చుకున్నాడు. ఆ క్షణంలోనే కలి విషం కక్కుకుంటూ అతని శరీరంలోంచి బయటకు వచ్చాడు.

ఏ పాచికలు తనను ముంచాయో, ఆ పాచికలు కాసే చెట్టు కిందనే నలుడు విముక్తుడయ్యాడు. కళ్లు మూసుకుని పారిపోయి కాదు, ఒక్కొక్క కాయా లెక్కపెట్టి. ఆ తరువాత పుష్కరుడితో ఒక్కసారి ఆడి రాజ్యం గెలుచుకుని, అతడిని క్షమించి పంపాడు. జరిగినది కలి చేసిన పని అన్నాడే తప్ప, తనను తాను నిందించుకుంటూ శేషజీవితం గడపలేదు. మనవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. ఒక్కసారి జారగానే "నేనింతే" అని తీర్మానించుకుంటారు. ఆ తీర్మానమే మరుసటి జారుడుకు మెట్టు.

పరుల కథలు చెప్పి నా సంగతి దాచడం న్యాయం కాదు. నాకు ముప్పై ఏళ్లు నశ్యం అలవాటు ఉండేది. వేదపారాయణం చేసేవాడికి కంఠమే ఆస్తి. ఘనపాఠంలో స్వరం జీరపోతోందని తెలిసీ, డబ్బీ మొలలోనే ఉండేది. ఎన్ని ఏకాదశులకు మానానో, ఎన్ని ద్వాదశులకు మళ్లీ పట్టానో! చివరకు నేనూ లెక్క రాశాను. తలనొప్పికో, నిద్రకో పీలుస్తున్నాననుకున్నది అబద్ధమని అప్పుడు తెలిసింది. అభిషేకం ముగిసి, నైవేద్యం వంటశాల నుంచి రావడానికి పట్టే పది నిమిషాలలో, చేయడానికి ఏమీ లేక చెయ్యి డబ్బీ వైపు పోయేది. డబ్బీ ఇంట్లో వదిలి, ఆ పది నిమిషాలలో రేపటి పూలమాల కట్టడం మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పాను. మూడోసారి నిలిచింది. అభ్యాసమూ వైరాగ్యమూ అని గీతలో స్వామి చెప్పినదీ, పతంజలి మహర్షి సూత్రీకరించినదీ ఇదే అయినా, నాకు మాత్రం అది పూలమాల రూపంలో అర్థమయింది.

ఒంటరిగా సాధ్యం కానివీ ఉంటాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు, ఆమెతోటి స్త్రీలు 1990ల ఆరంభంలో సారాపై తిరగబడినప్పుడు మగవారికి నీతులు చెప్పలేదు, వాకిట్లోకి సారా రాకుండా చేశారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది. ఇంకొక హెచ్చరిక. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానితే వణుకు, మతిభ్రమ, మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. అటువంటివారు మాల వేసుకోబోయే ముందు వైద్యుణ్ణి కలవాలి. అది దీక్షకు అపచారం కాదు, ధన్వంతరి కూడా విష్ణ్వంశే.

మళ్లీ మాల సంగతికి వస్తాను. నలభై ఒక్క రోజులు నిగ్రహించినవాడికి నిగ్రహం లేదని ఎవరనగలరు? శక్తి ఉంది. లేనిది నలభై రెండో రోజు సాయంత్రానికి ఒక ఏర్పాటు. దీక్షలో ఆరు గంటలకు భజన ఉంటుంది, తోటి స్వాములు ఉంటారు, స్వామీ అని పిలిచే పిలుపు ఉంటుంది. మాల తీయగానే ఆ మూడూ ఒక్కసారిగా పోతాయి, పాత స్నేహితులు, పాత అరుగు, పాత ఆరు గంటలు అక్కడే ఎదురుచూస్తుంటాయి. కనుక ఈ ఏడాది మాల తీయించుకోవడానికి వచ్చేవారిని నేను ఒక ప్రశ్న అడగదలచుకున్నాను. "రేపు సాయంత్రం ఆరింటికి ఎక్కడ ఉంటావు నాయనా?" జవాబు చెప్పాకే మాల తీస్తాను. చోటు ఏదీ తోచకపోతే మా గుడికే రావచ్చు. ఆ వేళకు పూలు వస్తాయి, మాలలు కట్టడానికి చేతులు ఎప్పుడూ తక్కువే.