జూదశాలకు పట్టభద్రులు

చీమకుర్తి గృహస్థుడొకడు కొన్ని దినముల క్రిందట తన కుమారుని విదేశవిద్యకు సంబంధించిన కాగితములను మాయొద్దకు గొనివచ్చెను. పొలము తాకట్టు పెట్టవలసియుండెను గావున దస్తావేజు చూచిపెట్టుమని ఆయన కోరిక. పైపుటలో "హోటలు నిర్వహణము" అని యున్నది. లోపలి పుటలలో క్లబ్బుల నిర్వహణము, జూదశాలల నిర్వహణము పాఠ్యాంశములై కూర్చుండినవి! తండ్రి యా పుటలు చదువలేదు. దళారి తిప్పి చూపలేదు.

నెవాడా రాష్ట్రము 1931లో జూదమును చట్టసమ్మతము గావించినది. అచటి లాస్‌వేగాస్ విశ్వవిద్యాలయమున 1993లో జూదపరిశ్రమకై ప్రత్యేకసంస్థయే వెలసినది. వారి దేశము, వారి యిష్టము. మన బిడ్డ ఆ విద్య నేర్చి యేమి చేయవలెననునదియే మన ప్రశ్న. ఆంధ్రప్రదేశమున 1974 నాటి చట్టము ప్రకారము జూదగృహమును నడుపువాడును, నడుపుటకు తోడ్పడువాడును శిక్షార్హులు. అనగా ఈ పట్టము చేతబట్టుకొని స్వగ్రామమునకు వచ్చిన యువకునికి దొరకు ఉద్యోగము మొదటి ముద్దాయి యుద్యోగమే.

గోవాలో నీటిమీద జూదశాలలు తేలుచున్నవి గదా యందురు. తేలుచున్నవి. అయినను 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఋగ్వేదమును, మహాభారతమును స్మరించి, జూదము రాజ్యాంగము రక్షించు వర్తకమే కాదని తీర్పు చెప్పినది. వర్తకము కానిదానికి వర్తకశాస్త్రమెక్కడిది? 1967లో సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున రమ్మీ ప్రధానముగ నేర్పుతో నాడు ఆటయని అదే న్యాయస్థానము పలికినది. పేకాట క్లబ్బులవారు ఈ వాక్యమును పటము కట్టి గోడకు వ్రేలాడదీయుదురు. దాని తరువాతి వాక్యమును మాత్రము చదువరు. ఆటవలన క్లబ్బు యజమాని లాభము పొందుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము నిలువవచ్చునని యందు గలదు. న్యాయస్థానము వ్రేలు చూపినది ఆటగానివైపు గాదు, నిర్వాహకుని వైపు!

ఆ లాభమెట్టిదో చూడుడు. లాస్‌వేగాస్ చక్రమున 38 గదులు. ఒక్కొక్క గదిపై నొక్కొక్క రూపాయి యుంచిన, గెలిచిన రూపాయితో గూడ 36 రూపాయలు తిరిగి వచ్చును. రెండు రూపాయలు శాలవానివి. నూటికి అయిదుంబావుకు పైమాట. ఈ రెండు రూపాయలను ఒక రాత్రి యెన్నిసారులు రాబట్టవచ్చును, ఆటగానిని ఎంతసేపు కూర్చుండబెట్టవచ్చును, ఓడినవానిని ఎట్లు మరల రప్పింపవచ్చును? ఇంతకు మించి యీ నిర్వహణమున నున్నదేమి?

కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమింపలేదా యని పండితులు కొందఱడుగుదురు. నియమించెను. మోసగాండ్రను కనిపెట్టుటకు నియమించెను. నూటికి అయిదు వంతున గెలిచినవాని సొమ్మునుండి తీసికొనుమనెను. ఓడినవానిని మరల రప్పించుట నేర్పుమనలేదు. నలుడు ఋతుపర్ణునియొద్ద అక్షహృదయము నేర్చినది పోయిన రాజ్యమును రాబట్టుకొనుటకు గాని నిషధపురమున జూదశాల తెఱచుటకు గాదు.

జూదమును గూర్చి చదువరాదని మా వాదము కాదు. 1654లో పాస్కలు, ఫెర్మా పందెపు పంపకమును గూర్చి వ్రాసికొనిన లేఖలనుండియే సంభావ్యతాగణితము బయలుదేఱినది. గణితము నేర్పుడు, చట్టము నేర్పుడు, వ్యసనమున బడినవానిని బయటికి లాగు వైద్యము నేర్పుడు. క్లబ్బు నడుపుట యందును దోషము లేదు. పఠనమందిరము, టెన్నిసు, సరియైన లెక్కలు గల క్లబ్బు ఊరికి భూషణమే.

విదేశములకు పిల్లలను పంపు దళారులను మేము కోరునది స్వల్పము. పాఠ్యక్రమమును తెలుగున అచ్చువేసి, వంటశాలకు ఎన్ని గంటలో, జూదశాలకు ఎన్ని గంటలో ప్రక్కప్రక్కన వ్రాసి, తాకట్టు దస్తావేజుపై తండ్రి సంతకము పెట్టుటకు ముందే ఆయన చేతికీయుడు.