యంత్రానికి మన డప్పు తెలియాలి

నేడు ఒక్క ఫోటో చూపితే చాలు, కంప్యూటర్ ఆ వస్తువు రూపాన్ని అన్ని వైపుల నుండీ కట్టి చూపుతోంది. మనం లెక్కల్లో చదివే త్రిభుజాలే దీనికి ఆధారం. చిన్న చిన్న త్రిభుజాలను అంచులు కలిపి వలలా అల్లితే వస్తువు ఉపరితలం తయారవుతుంది. 2018లో వచ్చిన 'పిక్సెల్ టు మెష్' అనే పద్ధతి 156 శీర్షాలున్న గుడ్డు ఆకారంతో మొదలవుతుంది. ఫోటోను బట్టి వాటిని జరుపుతూ, 2,466 శీర్షాల వరకు పెంచుతూ రూపం తెస్తుంది. కుమ్మరి మట్టిముద్దను మలచినట్లే!

అయితే యంత్రం తనకు చూపినవే నేర్చుకుంటుంది. ఈ పరిశోధనల్లో బాగా వాడే 'షేప్‌నెట్' 2015లో వచ్చింది. దాని ప్రధాన సేకరణలో 55 రకాల వస్తువులు, సుమారు 51,300 నమూనాలు ఉన్నాయి. గిటారుకు, పియానోకు అందులో చోటుంది. డప్పుకు విభాగం లేదు. రోలుకు లేదు, చేటకూ లేదు.

యంత్రాన్ని నిందించి లాభం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలనే వారు పోగుచేశారు. మన వస్తువులను అక్కడ పెట్టవలసింది మనమే. కాబట్టి మిత్రులారా, లెక్కలంటే భయం వదులుదాం. మన ఊరి డప్పును కొలిచి త్రిభుజాల్లో గీయగలవారు మన హాస్టళ్ళ నుండే రావాలని మా అభిప్రాయం.